పాట వెంట పన్నెండేళ్లు

కిందటి నెల ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆవిడకి పాటలంటే ప్రాణం. తనకెంతో ఇష్టమైన గాయని పక్క పట్టణంలో కచేరీ చేస్తోందని తెలిసి, వంటా వార్పూ ముగించి, అందరికీ అన్నీ అమర్చిపెట్టి, ఒక్కరే బస్సెక్కి వెళ్లారట. తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు. ఆ రోజు నుంచి అత్తగారు మాట్లాడటం మానేశారు. ఆయనగారు మాట్లాడుతున్నారు గానీ, ‘ఈ వయసులో ఇదేం పిచ్చి?’ అన్న మాట తప్ప వేరే మాట లేదట. ‘నేను చేసింది తప్పా అక్కయ్యా?’ అని అడిగారు.

వెంటనే జవాబు రాయబోయి ఆగిపోయాను. తప్పు కాదు అని ఒక్క ముక్కలో రాసేయొచ్చు. కానీ నిరుడు నేను చూసిన ఒకావిడ గుర్తొచ్చింది. ఆవిడ సంగతి చెప్పకుండా ఆ జవాబు రాస్తే సగమే అవుతుందనిపించింది. అందుకని ముందు ఆవిడ కథ వినండి.

నిరుడు మా చెల్లెలి పురిటికి అమెరికా వెళ్లాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంచేత నేను బయల్దేరాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో శాన్ హోజే అని ఊరు. ఆగస్టు 9వ తేదీ ఉదయం పథ్యం వంట చేస్తుంటే కిటికీలోంచి వెన్న కాగుతున్న కమ్మటి వాసన వచ్చింది. తొంగి చూస్తే పక్కింటి ముందు బల్ల వేసి, దాని మీద పొయ్యి, పొయ్యి మీద మన హోటళ్లలో దోసెల పెనం లాంటి పెద్ద ఇనప పెనం! తెల్లజుట్టు రెండు జడలుగా వేసుకున్న ఒక పెద్దావిడ రొట్టెముక్కలు కాలుస్తోంది. దారినపోయే వాళ్లందరినీ పిలిచి తలా ఒకటి ఇస్తోంది. డబ్బులు తీసుకోవడం లేదు.

‘ఏమిటే ఇది?’ అన్నాను. ‘ఏటేటా ఇంతేనే అక్కా. ఆవిడ పెట్టే తద్దినం అనుకో’ అంది చెల్లెలు. చనిపోయింది భర్తేమో అనుకున్నాను. కాదట. ఒక పాటగాడట!

మా చెల్లెలు పడుకోగానే నేను పక్కింటికి వెళ్లాను. నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషుతో ఏం మాట్లాడగలనని జంకాను గానీ, పెనం దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకి భాష అంత అడ్డం రాదు. ఆవిడ ఓపిగ్గా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. అర్థం కానివి చెల్లెలు తర్వాత విప్పి చెప్పింది.

ఆవిడ చెప్పిన పాటగాడు జెర్రీ గార్సియా. గిటార్ వాయిస్తూ పాడేవాడు. ఆయన ఉన్న బృందం పేరు ‘గ్రేట్‌ఫుల్ డెడ్’. 1965లో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో పుట్టిన రాక్ బ్యాండ్. ‘కృతజ్ఞత గల మృతులు’ అని ఆ పేరుకి అర్థం. ఇదేం అశుభం పేరు అని నేనూ మొహం చిట్లించాను. కానీ దాని వెనుక ఒక పాత జానపద కథ ఉంది. అప్పులు తీర్చలేక చనిపోయిన వాడి శవాన్ని ఎవరూ పట్టించుకోకపోతే, దారిన పోయే పుణ్యాత్ముడొకడు తన దగ్గరున్న డబ్బంతా ఇచ్చి అంత్యక్రియలు చేయిస్తాడు. తర్వాత ఆ చనిపోయిన వాడే వచ్చి, ఆ పుణ్యాత్ముణ్ని కష్టంలోంచి గట్టెక్కిస్తాడు. కథ విన్నాక పేరు అంత చెడ్డగా అనిపించలేదు.

1983 మే నెలలో ఈవిడ మొదటిసారి వాళ్ల కచేరీకి వెళ్లింది. బర్క్లీలో గ్రీక్ థియేటర్ అని ఆరుబయలు రంగస్థలం. అప్పుడావిడకి 23 ఏళ్లు, ఒక ఆఫీసులో గుమాస్తా. వరసగా మూడు రోజుల కచేరీ. మొదటి రోజు స్నేహితురాలు లాక్కెళితే వెళ్లింది. రెండో రోజు తనే వెళ్లింది. మూడో రోజు ఆఫీసుకి ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లింది!

‘విన్న పాటలే మళ్లీ మళ్లీ వినడానికి ఊరూరా తిరగడమేమిటి?’ అని నేనడిగాను. మీరైనా అదే అడుగుతారు. ఆవిడ నవ్వింది. విన్నవే కాదట. ఈ రాత్రి పాడిన వరసలో మర్నాడు పాడరు. ఏం పాడాలో చాలాసార్లు వేదిక మీదే నిర్ణయించుకునేవారు. ఇవాళ అయిదు నిమిషాల్లో ముగించిన పాట ఇంకో ఊళ్లో ఇరవై నిమిషాలు సాగుతుంది. మన కచేరీల్లో విద్వాంసుడు ఒకే రాగాన్ని ఒక్కో రోజు ఒక్కోలా ఆలాపన చేస్తాడు చూడండి, అలాగన్నమాట. ఏ ఊళ్లో ఏ రాత్రి అద్భుతం జరుగుతుందో ఎవరికీ తెలియదు. 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ అలాంటిదట. ఆ రికార్డింగును అమెరికా జాతీయ గ్రంథాలయం వాళ్లు 2011 సంవత్సరానికి భద్రపరచదగ్గ రికార్డుల జాబితాలో చేర్చారు.

ఇంకో సంగతి చెబితే మీకు దగ్గరితనం కలుగుతుంది. ఆ బృందంలో డ్రమ్స్ వాయించే మిక్కీ హార్ట్ మన ఉస్తాద్ అల్లారఖా దగ్గర తాళం నేర్చుకున్నాయన. అల్లారఖా గారబ్బాయి జాకీర్ హుస్సేన్‌తో కలిసి ఎన్నో చేశాడు. 1991లో వాళ్లు కలిసి చేసిన ‘ప్లానెట్ డ్రమ్’ అనే ఆల్బంలో మన విక్కు వినాయకరామ్ గారి ఘటం కూడా ఉంది. దానికి గ్రామీ బహుమతి వచ్చింది. వంటింట్లో నీళ్లు పోసుకునే కుండ లాంటిదే కదా అనుకునే ఘటం ఎక్కడిదాకా వెళ్లిందో చూశారా!

సరే, కథలోకి వద్దాం. ఏడాది తిరక్కుండా ఆవిడ ఉద్యోగం మానేసింది. పాత వ్యాను ఒకటి కొనుక్కుంది. బృందం వసంతకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి, ఆకులు రాలే కాలంలో ఒకసారి దేశం మీద పడేది. ఈవిడా వెనకే. చలికాలంలో ఒక బేకరీలో పనిచేసి కాస్త డబ్బు కూడబెట్టుకునేది. ఇలా వెంట తిరిగే వాళ్లు వందలూ వేలూ ఉండేవారు. వాళ్లని ‘డెడ్‌హెడ్స్’ అనేవారు.

గృహిణిని కదా, నాకు వెంటనే వచ్చిన సందేహాలు వేరు. తిండి ఎలా? స్నానం ఎలా? బట్టలు ఎక్కడ ఉతుక్కునేవారు? డబ్బు ఎక్కడిది? అవే అడిగాను. ఆవిడకి చాలా సంతోషం కలిగింది. ‘అందరూ మత్తుమందుల గురించి అడుగుతారు, సబ్బు గురించి ఎవరూ అడగలేదు’ అంది.

వ్యానులో రెండు పెట్టెలు. ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో వంట సామాను. నాణేలు వేస్తే ఉతికే యంత్రాలుండే దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, బట్టల సంగతి అక్కడ. స్నానం లారీ డ్రైవర్లు ఆగే చోట, లేకపోతే ఊరి ఈతకొలను దగ్గర. కచేరీ జరిగే మైదానం బయట కార్లు నిలిపే చోట పెద్ద సంత వెలిసేది. ఆ బృందం పాట పేరే పెట్టి దాన్ని ‘షేక్‌డౌన్ స్ట్రీట్’ అని పిలిచేవారు. ముడులు వేసి రంగులద్దిన చొక్కాలు, పూసల దండలు, కూరగాయలు చుట్టిన రొట్టెలు, అన్నం చిక్కుళ్లు అమ్ముకునేవారు. ఈవిడ వెన్న రాసి చీజు పెట్టి కాల్చిన రొట్టెలు అమ్మేది. ఒక్కోటి ఒక డాలరు. కచేరీ వదిలాక జనం ఆకలితో బయటికొస్తారు కదా, ఆ గంటన్నరలోనే బేరం. ఆ డబ్బుతో తర్వాతి ఊరికి పెట్రోలు.

ఆ కిటుకు కూడా చెప్పించుకున్నాను, మీకోసమే! వెన్న పెనం మీద వేయకూడదట, రొట్టెకి బయటి వైపు పల్చగా రాయాలి. మంట సన్నగా ఉండాలి. చీజు ముక్కగా కాకుండా తురిమి పెట్టాలి. పైన మూత బోర్లించి రెండు నిమిషాలు ఉంచితే రొట్టె మాడకుండా లోపల చీజు కరుగుతుంది. మా ఇంట్లో పిల్లలకి చేశాను, బాగా కుదిరింది.

ఇక టిక్కెట్ల సంగతి. 1983 నుంచి ఆ బృందం వాళ్లే తమ టిక్కెట్లను పోస్టులో అమ్మడం మొదలుపెట్టారు. ఫలానా తేదీకి అని ఒక కార్డు మీద రాసి, పోస్టాఫీసు మనియార్డరు జతచేసి, తిరుగు టపాకి స్టాంపు అంటించిన కవరు కూడా పెట్టి పంపాలి. టిక్కెట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అందుకని తమ కవరు కంటికి ఆనాలని జనం వాటి మీద బొమ్మలు గీసేవారు, రంగులు వేసేవారు. ఈవిడ గులాబీలు గీసేదట. అలాంటి కవర్లు ఇప్పటికీ శాంతాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భాండాగారంలో ఉన్నాయి. టిక్కెట్టు దొరకని వాళ్లు మైదానం బయట ఒక వేలు పైకెత్తి నడుస్తుంటారు. ‘ఒక్క టిక్కెట్టు చాలు’ అని. ఎవరో ఒకరు జాలిపడి తమ దగ్గర మిగిలింది ఊరికే ఇచ్చేస్తే దాన్ని ‘మిరకిల్’ అనేవారు. ఈవిడ తొమ్మిదిసార్లు అలా పుచ్చుకుంది, పదిసార్లు ఇచ్చింది. ఆ లెక్క రాసిపెట్టుకున్న నోటుబుక్కు చూపించింది.

పాటల్ని రికార్డు చేసుకోవడానికీ వాళ్లు అడ్డు చెప్పలేదు. 1984 అక్టోబరు నుంచి టేపురికార్డర్లు తెచ్చుకున్న వాళ్లకి వేరే చోటు కేటాయించారు. ఒక్కటే నియమం. ఆ టేపులు అమ్మకూడదు. ఖాళీ క్యాసెట్టూ, పోస్టు ఖర్చులూ పంపితే ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా కాపీ చేసి పంపేవారు. చెవులు వినిపించని అభిమానులకి కూడా వేరే చోటు ఉండేది. పాటని సైగలతో చెప్పేవాళ్లుండేవారు. కొందరు బెలూను రెండు చేతులతో పట్టుకుని, దానిలో పుట్టే అదురుని బట్టి సంగీతం అనుభవించేవారట. ఇది వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

అంతా బాగానే ఉందని అనుకోకండి. ఆవిడ దాచలేదు, నేనూ దాచను. ఆ సంతలో మత్తుమందులు బాహాటంగా దొరికేవి. ఈవిడ వ్యానులో కలిసి తిరిగిన ఒక అమ్మాయి రెండేళ్లలో గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయింది. కచేరీ మధ్యలో విరామం ఇచ్చినప్పుడు పసుపురంగు బెలూన్లు కట్టిన బల్ల ఒకటి కనిపించేది. ‘వార్ఫ్ ర్యాట్స్’ అని, తాగుడూ మత్తూ మానేసిన అభిమానుల సంఘం. మత్తు లేకుండా కూడా పాట వినొచ్చని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. ఆ అమ్మాయిని చేయి పట్టుకుని ఆ బల్ల దగ్గరికి నడిపించింది ఈవిడే. ఆ అమ్మాయి బతికింది. అందరూ బతకలేదు.

1987లో ఆ బృందం పాట ఒకటి, ‘టచ్ ఆఫ్ గ్రే’ అని, అమెరికాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. వాళ్ల జీవితంలో మొదటి పది పాటల్లోకి వచ్చింది అదొక్కటే. దాంతో జనం పోటెత్తారు. టిక్కెట్టు లేకపోయినా ఫరవాలేదు, సంత చూస్తే చాలని వచ్చేవారు ఎక్కువయ్యారు. ఊళ్లవాళ్లకి విసుగొచ్చింది. చెత్త, గొడవలు, అరెస్టులు.

1988లో ఈవిడకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల తండ్రి కొన్నాళ్లకి తన దారిన తను పోయాడు. ఈవిడ మానలేదు. పిల్లని కూడా వ్యానులో వేసుకుని తిరిగింది.

1995 జులై 2. ఇండియానా రాష్ట్రంలో డీర్ క్రీక్ అనే చోట కచేరీ. ఈవిడ కూతురుతో సహా లోపల కూర్చుంది. గార్సియాని చంపుతామని బెదిరింపు వచ్చిందని, వేదిక ముందు దీపాలు ఆర్పకుండా ఉంచారు. పాట నడుస్తుండగా వెనక కంచె ఊగడం మొదలైంది. బయట టిక్కెట్లు లేనివాళ్లు వేల మంది. కంచె విరిచి, గట్టు ఎక్కి లోపలికి దూకారు. పోలీసులు కుక్కల్ని వదిలారు, పొగ వదిలారు.

ఇక్కడిదాకా చెప్పి ఆవిడ అట్లకాడ కింద పెట్టేసింది. ‘లోపలున్న మేము ఏం చేశామో తెలుసా? చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మనవాళ్లే కదా, పాపం లోపలికి వస్తున్నారు అని ఈల వేశాను. నా ఏడేళ్ల కూతురు నా చొక్కా పట్టుకుని, అమ్మా పోదాం అని ఏడుస్తోంది. నాకు వినిపించలేదు’ అంది.

మర్నాటి కచేరీ రద్దయింది. ఊరి పోలీసులు కాపలాకి రామన్నారు. బృందం వాళ్లు అభిమానులకి ఒక ఉత్తరం రాసి పంచిపెట్టారు. టిక్కెట్టు లేకపోతే రావద్దనీ, ఇలా అయితే ఈ తిరుగుడు ఇక సాగదనీ దాని సారాంశం. అది జరిగిన వారానికి, జులై 9న, షికాగోలో సోల్జర్ ఫీల్డ్ అనే పెద్ద మైదానంలో కచేరీ చేశారు. అదే ఆఖరిది. సరిగ్గా నెలకి, ఆగస్టు 9న గార్సియా చనిపోయాడు. మత్తుమందుల అలవాటు మానడానికి చేరిన చికిత్సా కేంద్రంలో గుండె ఆగిపోయింది. 53 ఏళ్లు. 30 ఏళ్లలో ఇంచుమించు 2,300 కచేరీలు చేసిన బృందం దాంతో ముగిసిపోయింది.

ఆగస్టు 13న శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో సంతాపసభ జరిగితే వేలాది మంది వచ్చారు. ఈవిడా వెళ్లింది. ఆ వారమే వ్యాను అమ్మేసి, ఒక స్కూలు వంటశాలలో ఉద్యోగానికి చేరింది. పెనం మాత్రం అమ్మలేదు.

నేను అక్కడుండగానే కూతురు వచ్చింది. ఇప్పుడావిడకి 37 ఏళ్లు. ‘మీకూ ఆ పాటలంటే ఇష్టమా?’ అనడిగాను. ఆవిడ రొట్టెలకి వెన్న రాస్తూ చెప్పింది. ‘నా అయిదో పుట్టినరోజు కార్లు నిలిపే చోట జరిగింది. కేకు లేదు, చీజు రొట్టె మీద కొవ్వొత్తి పెట్టారు. ఎవరెవరో రెండొందల మంది నాకు పాట పాడారు. అది బావుంది. కానీ స్కూల్లో నాకొక్క స్నేహితురాలు లేదు. రెండూ నిజమే.’ పెద్దావిడ ఏమీ అనలేదు. కూతురు వైపు పెనం జరిపి, తను పక్కకి తప్పుకుంది.

‘మళ్లీ ఆ రోజులొస్తే ఏం చేస్తారు?’ అనడిగాను వచ్చేముందు. ‘తప్పకుండా వెళ్తాను. కానీ పిల్ల పోదామన్నప్పుడు లేస్తాను’ అంది.

ఇదండీ ఆవిడ కథ. ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరికి నా జవాబు.

అమ్మా, మన వైపు మాత్రం ఈ పిచ్చి తక్కువా? పద్యనాటకం అంటే బండి కట్టుకుని ఊళ్లు దాటి వెళ్లి, తెల్లవార్లూ కూర్చుని వన్స్‌మోర్ కొట్టిన మగవాళ్లు మన తాతల్లో ఎంతమంది లేరు! వాళ్లని రసికులన్నారు. ఆ తాతలు తిరిగొచ్చేదాకా దీపం పెట్టుకుని మేలుకున్న అమ్మమ్మలకి ఏ పద్యం ఇష్టమో ఎవరైనా అడిగారా? ఏడాదికి ఒక్క సాయంత్రం నాకిష్టమైన పాట వింటానంటే అది పిచ్చి అనిపించుకోనక్కర్లేదు. మీరు చేసింది తప్పు కాదు.

అయితే ఉత్తరంలో మీరొక సంగతి రాయలేదు. వెళ్తున్నట్టు ఇంట్లో చెప్పి వెళ్లారా? చెప్పకుండా వెళ్లుంటే మాత్రం, ఆ రాత్రి పదకొండు దాకా మీ అత్తగారు గుమ్మంలో ఎలా కూర్చుని ఉంటారో ఒక్కసారి ఊహించుకోండి. కోపం వెనక భయం ఉండొచ్చు. ఆ ఒక్క విషయానికి ఆవిడ దగ్గరికెళ్లి ‘భయపెట్టాను అత్తయ్యా, తప్పయింది’ అనండి. పాటకి వెళ్లినందుకు మాత్రం క్షమాపణ చెప్పకండి. వచ్చేసారి నాలుగు రోజులు ముందే తేదీ చెప్పండి, ఏ బస్సుకి వెళ్లి ఏ బస్సుకి వస్తారో చెప్పండి. కుదిరితే అత్తగారినే అడగండి, ‘మీరూ వస్తారా?’ అని. పెద్దవాళ్లకి కూడా ఎవరూ అడగని ఇష్టాలుంటాయి.

ఆయనగారికి ఒక పూట చీజు రొట్టె చేసిపెట్టి ఈ వారం పేజీ చదవమని ఇవ్వండి. ఏమన్నారో నాకు రాయండి.

మిగతా సోదరీమణులు కూడా, మీరు ఏ పాట కోసం, ఏ నాటకం కోసం, ఏ ఆట కోసం ఎంత దూరం వెళ్లారో, వెళ్లాలనుకుని ఎందుకు ఆగిపోయారో రాయండి. పేరు వద్దంటే వేయను. వచ్చే వారం కలుసుకుందాం.